సలోమమ్మ ఇంట ఆగిన ప్రార్థన

బర్నబాసు అయ్యగారు తన గదిలో కూర్చుని ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పడం మేమెవరమూ చూడలేదు. కాలువ గట్టున ఉన్న మా దైవశాస్త్ర కళాశాలలో ఆయన తల నెరిసేదాకా పాఠాలు చెప్పారు. పదవీ విరమణ అయ్యాక కూడా, పై చదువుకు వచ్చిన పాస్టర్లకు మార్గదర్శిగా అక్కడే ఉండిపోయారు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఓపిగ్గా విని, కళ్లజోడు తుడుచుకుని, "బండి తెచ్చావా?" అనేవారు. తెచ్చామంటే వెనక ఎక్కి కూర్చుని ఎక్కడికో పోనిమ్మనేవారు. లేదంటే, తెచ్చిన రోజున మళ్లీ అడగమనేవారు. దీనివల్ల మా కళాశాలలో జ్ఞానం ఎంత పెరిగిందో చెప్పలేను గాని, పెట్రోలు మాత్రం బాగానే ఖర్చయింది.

ఒక మధ్యాహ్నం ఆయన దగ్గరకు ఫిలెమోను వచ్చాడు. పక్క ఊళ్లో పెద్ద సంఘానికి ఇరవై ఏళ్లుగా పాస్టరు. మంచి కంఠం, మంచి పేరు ఉన్న మనిషి. మా దగ్గర డాక్టరేటు చేస్తున్నాడు. ఈ డాక్టరేటు సేవలో ఉన్న పాస్టర్ల కోసం పెట్టింది, సంఘాన్ని వదిలి రానక్కర్లేదు. అయితే గ్రంథాలయంలో కూర్చుని రాస్తే సరిపోదు. తన సంఘంలోనే ఒక పని ఎంచుకుని, అది చేసి, చేసినదాన్ని తనే పరిశీలించి రాయాలి. చావు జరిగిన ఇళ్లలో ఆదరణ ఎలా చెప్పాలన్నది ఫిలెమోను ఎంచుకున్న విషయం. చదువులో చేరిన ఏడాదే అతని సంఘపెద్దలు క్రిస్మసు ఫ్లెక్సీ మీద అతని పేరు ముందు 'డాక్టర్' అని వేయించేశారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా క్రైస్తవులకు కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. ఆ ఫ్లెక్సీ ఇంకా చర్చి గోడకే ఉంది. అలాంటప్పుడు చదువు మధ్యలో మానడమంటే ఊరంతా నవ్వులపాలు కావడమే. అయినా ఫిలెమోను మానేస్తానని చెప్పడానికే ఆ రోజు వచ్చాడు.

కారణం లేకపోలేదు. అతను రాసుకొచ్చిన ముఖ్యమైన అధ్యాయాన్ని పరీక్షకులు వెనక్కి ఇచ్చారు. "ఆ ఇళ్లలో మీరు చెప్పినవన్నీ ఉన్నాయి గాని, వాళ్లు మీకు చెప్పినవి ఏవండీ?" అని అడిగారట. అడిగినవాళ్లలో ఒకరు అతనికన్నా వయసులో చిన్న. ఆ మాట అతనికి బాగా గుచ్చుకుంది. సాయంత్రానికల్లా ఆఫీసులో చెప్పేసి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. అయితే గురువుగారితో ఒక మాట అనకుండా పోవడం మర్యాద కాదని ఆయన గదికి వచ్చాడు.

"ఇరవై ఏళ్లుగా సమాధుల తోటకి నడుస్తున్నవాణ్ణి అయ్యగారూ," అన్నాడు. "ఏడ్చేవాళ్లని ఓదార్చడం నాకిప్పుడు ఇంకెవరు నేర్పాలి? చేతకానివాడికి చదువు గాని, ఇంతకాలం చేసినవాడికి ఎందుకండి?"

అయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు గాని, బండి మాట వెంటనే ఎత్తలేదు. ఇన్నాళ్లలో ఏ ఇంట్లో ఓదార్చడం నీకు బాగా కుదిరిందని అడిగారు. ఫిలెమోను తడుముకోకుండా సలోమమ్మ పేరు చెప్పాడు. ఆవిడ భర్త ఏసురత్నం సంఘపెద్ద. ప్రతి ఆదివారం ఆరాధనలో ఢోలక్ వాయించేవాడు. వేసవి మొదట్లో ఒక ఉదయం గుండె ఆగి పోయాడు. సమాధి అయ్యాక పెట్టిన ఆదరణ కూటంలో ఫిలెమోను వాక్యం చెప్పాడు. మనవాళ్లు ప్రభువు దగ్గర ఉన్నారని నమ్మేవాళ్లు ఆశ లేనివాళ్లలా ఏడవకూడదని, కన్నీళ్లు అవిశ్వాసానికి గుర్తని గట్టిగా చెప్పాడు. సలోమమ్మ ఆ రోజు నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఎప్పుడు వెళ్లినా "బాగున్నానండి, దేవుని కృప" అనే మాటే. పరీక్షకులు తిప్పి పంపిన అధ్యాయంలో సగం ఆవిడ గురించే. అంతేకాదు, తర్వాత చావు జరిగిన ప్రతి ఇంట్లోనూ ఫిలెమోను "మన సలోమమ్మగారిని చూడండి" అని ఆవిణ్ణే ఉదాహరణగా చెబుతూ వచ్చాడు.

అంతా విని అయ్యగారు, "బండి తెచ్చావా?" అన్నారు.

సలోమమ్మది పేటలో చివరి వరస, రెండు గదుల డాబా. ఇద్దరు పాస్టర్లు చెప్పకుండా వచ్చేసరికి ఆవిడ కంగారుపడి ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేసింది. పక్కింటి ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింకు తెచ్చి గ్లాసుల్లో పోసింది. తను గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. గోడకు ఢోలక్ వేలాడుతోంది. దానికి దిండు గలీబు తొడిగారు. ఎలా ఉన్నావమ్మా అని అయ్యగారు అడిగితే, బాగున్నానండి, దేవుని కృప అంది. ఫిలెమోను అయ్యగారి వంక విన్నారా అన్నట్టు చూశాడు.

మా సంఘాల్లో ఇళ్ల సందర్శనకు ఒక పద్ధతి ఉంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ముందు ఒక పాట, తర్వాత నాలుగు వచనాలు, వాటి మీద నాలుగు మాటలు, ఆఖర్న ప్రార్థన. పాస్టరుగారు లేచి నిలబడి "ప్రార్థన చేసుకుందాం" అన్నారంటే ఇక చెప్పులు వేసుకునే వేళయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాటయ్యాక ఎవరూ కష్టసుఖాలు ఎత్తరు. పాస్టరుగారికి ఇంకో ఇంటికి వెళ్లాల్సి ఉంటుంది కదా. ఫిలెమోను ఆ పద్ధతి ప్రకారమే పాడాడు, చదివాడు, చెప్పాడు. లేచి నిలబడి, "ప్రార్థన చేసుకుందాం. అయ్యగారు చేస్తారు," అన్నాడు. సలోమమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఫిలెమోను కూడా మూసుకున్నాడు.

ప్రార్థన మొదలుకాలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పెద్దాయనకు సరిగా వినపడలేదేమోనని ఫిలెమోను గొంతు సవరించుకున్నాడు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూశాడు. అయ్యగారు లేవనేలేదు. కుర్చీలో కూర్చునే సలోమమ్మ వైపు చూస్తున్నారు.

"ఏమని చెయ్యమంటావమ్మా?" అన్నారు.

ఆవిడ కళ్లు తెరిచింది. అందరూ చెప్పేదే తనూ చెప్పింది. అన్నీ తెలిసినవారు, మీ ఇష్టం అంది. తనకేమీ తెలియదని, ఆవిడ చెబితేనే చేస్తానని ఆయన అన్నారు. ఫిలెమోను ఉండబట్టలేకపోయాడు. ఆరోగ్యం కోసమో, పిల్లల కోసమో అని అందించబోయాడు. క్లాసులో తొందరపడే విద్యార్థిని ఆపినట్టు అయ్యగారు అరచెయ్యి ఎత్తారు. ఫిలెమోను నోరు మూసుకున్నాడు. సందర్శనకు వెళ్లిన ఇంట్లో తను మాట్లాడకుండా అంతసేపు నిలబడడం తన సేవలో అదే మొదటిసారని తర్వాత అతనే నాతో అన్నాడు.

సలోమమ్మ చాప అంచు గోటితో గీస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"ఏడిస్తే... మా ఆయన పరలోకానికి వెళ్లలేదని అర్థమాండి?"

ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. చర్చిలో పాట ఎత్తుకోగానే, ఎవరో కుర్రాడు ఢోలక్ మీద చెయ్యి వెయ్యగానే ఆవిడకు ఏడుపు తన్నుకొస్తుందట. వెంటనే లేచి వెనక కొళాయి దగ్గరకు పోయి నీళ్లు తిప్పి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడుతుందట. పాస్టరుగారేమో, ఆవిడ అందరికీ మంచినీళ్లు పట్టడానికి వెళుతోందని మెచ్చుకునేవారట. ఇంట్లో కూడా భయమే. కన్నీళ్లు అవిశ్వాసమని పాస్టరుగారు చెప్పారు, తన అవిశ్వాసం వల్ల పరలోకంలో భర్తకేమైనా అడ్డం వస్తుందేమోనని. కూతురు ఫోను చేసి ఏడిస్తే గద్దించి పెట్టేసిందట. ఆ తర్వాత కూతురు ఫోన్లు తగ్గించింది. మిగతా ముండమోసినవాళ్లు తనను చూసి నేర్చుకుంటున్నారని అందరూ అంటుంటే, ఇంక వెనక్కి తగ్గడానికి దారి లేకపోయింది.

బర్నబాసు అయ్యగారు ఆ ప్రశ్నను ఆ మాట చెప్పినవాడికే వదిలేశారు. తల తిప్పి ఫిలెమోను వంక చూశారంతే. ఫిలెమోనుకు జవాబు రాక కాదు. అతనికి జవాబు తెలుగులోనూ వచ్చు, కొత్త నిబంధన మూలభాష గ్రీకులోనూ వచ్చు. కళాశాలలో ఆ గ్రీకు పాఠం చెప్పి అతనికి మంచి మార్కులు వేసింది నేనే. కాని ఆ పూట గ్రీకు పనికిరాలేదు. ప్రార్థనకని నిలబడ్డవాడు వెళ్లి ఆవిడకు ఎదురుగా గచ్చు మీద చతికిలపడ్డాడు.

"ఆ మాట చెప్పింది నేనేనమ్మా," అన్నాడు. "తప్పు చెప్పాను. ఏసురత్నంగారిని సమాధి చేసి ఇంటికెళ్లి తలుపేసుకుని నేనూ ఏడ్చాను. ఆ సంగతి మీకు చెప్పలేదు."

సలోమమ్మ అతని ముఖంలోకి చూసింది. పాస్టరుగారు ఏడవడమేమిటని నమ్మలేనట్టు చూసింది. "మీరాండి?" అంది. అతను తలూపాడు. అంతే, ఆవిడ భర్తను పేరు పెట్టి పిలిచి, గుండెలు బాదుకుని, మా పేటల్లో ఆడవాళ్లు ఎలా ఏడుస్తారో అలా ఏడ్చింది. ఇన్ని నెలలు మింగినదంతా ఒక్కసారి పైకి వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి, చూసి, వాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఫిలెమోను ముఖం దాచుకోలేదు. ఆ ఏడుపు వింటుంటే ఇంట్లో కిటికీలు తెరిచినట్టుందని అతను నాతో అన్నాడు, నేను నమ్ముతాను.

ఎప్పటికో ఏడుపు తగ్గింది. సలోమమ్మ ముక్కు తుడుచుకుని, తన మొగుడు అన్నం ఆలస్యమైతే కంచం బోర్లించి ఢోలక్ వాయించేవాడని, ఎన్ని కంచాలు సొట్టలు పడ్డాయో చెప్పి చిన్నగా నవ్వింది. గుమ్మంలో ఉన్నవాళ్లు కూడా ఏసురత్నం గురించి తలా ఒకటి చెప్పారు. కూతురికి ఈ పూటే ఫోను చేస్తానని ఆవిడ తనకు తానే చెప్పుకుంది. వచ్చినవాళ్లు వెళ్లడానికి లేచినప్పుడు మాత్రం ఆవిడకు గుర్తొచ్చింది. ప్రార్థన మిగిలిపోయింది కాబట్టి మీరు మళ్లీ రావాలి అని ఇద్దరికీ గట్టిగా చెప్పింది. ఇంతకుముందు ఆవిడ ఎన్నడూ పాస్టరుగారిని మళ్లీ రమ్మని అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫిలెమోను లాకుల వంతెన దగ్గర బండి ఆపేశాడు. కళ్లకు దారి ఆనడం లేదన్నాడు. ఇద్దరూ దిగి పిట్టగోడ మీద కూర్చున్నారు. అధ్యాయం వెనక్కి వచ్చిందన్న దిగులు అతనికి అప్పుడు లేనేలేదు. పరీక్షకుల మీద కోపం కూడా ఎక్కడో జారిపోయింది. అతన్ని తొలుస్తున్నది వేరు. సలోమమ్మను చూసి నేర్చుకోమని తాను చెప్పి వచ్చిన ఇళ్లన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకు వస్తున్నాయి. బిడ్డ పోయిన తల్లి ఒకతె ఉంది. తమ్ముడు పోయిన అన్న ఉన్నాడు. అందరూ బాగున్నామండి, దేవుని కృప అనే అన్నారు. అతను ప్రార్థన చేసి వచ్చేశాడు.

"ఇంకెన్ని నోళ్లు మూయించి వచ్చానో అయ్యగారూ," అన్నాడు. "మళ్లీ వెళ్లాలనే ఉంది. కాని ఇన్నేళ్లు పాస్టరుగారినని నిలబడి చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మాలు ఎక్కి, మీ మాట చెప్పండని అడగను?"

బర్నబాసు అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాస్టరుగారిగా కష్టమేనయ్యా," అన్నారు. "విద్యార్థిగా వెళ్లు."