జమీల్ అందరికీ చెప్పిన మాట

రహమత్‌బీ పాఠానికి రావడం మానేసి ఐదు రోజులైంది. జమీల్‌కి ఒళ్లు మండిపోతోంది.

ఊరి కొండమీది దర్గాలో ఒక ఆనవాయితీ ఉంది. మంచి పని తలపెట్టినవాళ్లు గురువారం సాయంత్రం అందరి ముందూ నిలబడి దాన్ని పైకి చెబుతారు. ఆ తర్వాత ప్రతి గురువారం ఎంతవరకు వచ్చిందో కూడా చెబుతారు. నలుగురికీ తెలిస్తే మనిషి మధ్యలో జారుకోడని అక్కడివాళ్ల నమ్మకం. అలా చెప్పబట్టే ఒకాయన బీడీలు మానేశాడు. ఇంకొకాయన పన్నెండేళ్ల తర్వాత తమ్ముడి గడప తొక్కాడు.

పీర్ లతీఫ్ షా దగ్గర నాలుగేళ్లుగా ఉంటున్న శిష్యుడు జమీల్ కూడా ఒక గురువారం లేచాడు.

"గాజుల వీధి రహమత్‌బీ ఖాలాకి ఒక్క అక్షరం రాదు. నలభై రోజుల్లో ఆమె చేత ఉత్తరం చదివిస్తాను. మీరే సాక్షులు!"

అందరూ శభాష్ అన్నారు. మరుసటి గురువారం, "అచ్చులు అయ్యాయి" అని చెప్పాడు. ఆ పై గురువారం, "గుణింతాల దగ్గర తడబడుతోంది. అయినా నేను వదలను" అన్నాడు. మళ్లీ శభాష్ అన్నారు.

ఇప్పుడు నలభైలో సగం రోజులు గడిచిపోయాయి. రేపే గురువారం. జమీల్ ఆమె ఇంటికే వెళ్లి తలుపు తట్టాడు. రహమత్‌బీ సగమే తీసింది.

"ఇలా మధ్యలో మానేస్తే ఎలా ఖాలా? నేనిచ్చిన మాట ఏం కావాలి?"

"నీ మాటా?" ఆమె గొంతు లేచింది. "హాస్టల్లో ఉన్న నా కూతురు ఉత్తరం రాస్తే కిరాణా కొట్టాయన పైకి చదువుతాడు. పిల్లకి జ్వరమొచ్చిన సంగతి, దిగులుగా ఉందన్న సంగతి ఉప్పు కొనడానికొచ్చిన వాళ్లందరూ వింటారు. ఆ బాధ తప్పుతుందని నీ దగ్గరికొచ్చాను. ఇప్పుడు వంకాయలమ్మేది కూడా 'గుణింతాలు వచ్చాయా రహమత్‌బీ' అని పళ్లికిలిస్తోంది. నీకో దండం, వెళ్లు నాయనా!"

తలుపు పడింది.

జమీల్ రుసరుసలాడుతూ కొండెక్కాడు. లతీఫ్ షా వంటింటి అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"చూశారా హజ్రత్! మేలు చేయబోతే మొహం మీద తలుపేసింది. రేపు జనానికి నేనేం చెప్పుకోను?"

"రేపు నేను చెబుతాలే" అన్నాడు లతీఫ్ షా.

ఆయన ఎన్నడూ అలా నిలబడి ఏదీ చెప్పినవాడు కాదు. గురువారం ఆయన లేవగానే అందరూ గప్‌చుప్ అయిపోయారు.

"మా జమీల్‌కి తెల్లవారుజామున ఫజర్ నమాజుకి మెలకువ రాదు. నాలుగేళ్లుగా నేనే మొహాన నీళ్లు చల్లి లేపుతున్నాను. నలభై రోజుల్లో తనంతట తాను లేచేలా చేస్తాను. మీరే సాక్షులు."

శభాష్ అన్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

తెల్లారాక టీ కొట్టు దగ్గర ఒకడు అడిగాడు: "ఏం జమీల్ భాయ్, ఇవాళ ఎన్ని చెంబులు?" మంగలి షాపులో గడ్డానికి నీళ్లు చల్లుతూ, "ఇప్పుడైనా మెలకువొచ్చిందా?" అన్నారు. మూడో రోజు వంకాయలమ్మే ఆమె కూడా మొదలుపెట్టింది.

జమీల్ కొండెక్కి వచ్చి, జనం ఉన్నారని కూడా చూడకుండా గురువు ముందు నిలబడ్డాడు.

"అది మనిద్దరి మధ్య సంగతి! చెప్పే ముందు నన్నొక్క మాట అడిగారా?"

"నలుగురికీ తెలిస్తే పట్టుదల నిలుస్తుంది కదా" అన్నాడు లతీఫ్ షా.

"ఎవరి పట్టుదల? మీది! నవ్వులపాలైంది నేను!"

లతీఫ్ షా అతని మొహంలోకి చూశాడు.

జమీల్ ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. తర్వాత మెల్లగా బయటికొచ్చి చెప్పులు వేసుకుని గాజుల వీధికి దిగే దారి పట్టాడు.

"ఎక్కడికి జమీల్ భాయ్?" అని అడిగారు మెట్ల మీద కూర్చున్నవాళ్లు.

అతను చెప్పలేదు.