చుక్క కారే గొట్టం

"మేస్త్రీ గారూ, గుండెల్లో గుబులు బయటికి రాకుండా మూసెయ్యడానికి ఏదైనా ఉపాయం ఉందా?" అని అడిగింది పైడితల్లి.

సన్యాసయ్య మేస్త్రి పేరుకే సన్యాసి, ఇంటినిండా మనవలు. అరకు చుట్టుపక్కల చలి ఊళ్ళలో ఇళ్ళకు వేడినీళ్ళ, చన్నీళ్ళ పైపుల నక్షాలు గీయడం నేర్చుకున్న వాళ్ళలో సగానికి పైగా ఆయన శిష్యులే. అయితే ఆయనకు ఒక పాడు అలవాటు. ఎవరేమడిగినా తిన్నగా జవాబు చెప్పడు, చెవి గోక్కుని ఇంకో మాట ఎత్తుకుంటాడు. ఆ రోజూ అంతే. "వడ్డన మొదలెట్టినట్టున్నారు, పదమ్మా" అన్నాడు.

ఆ రోజు గౌరునాయుడి కొత్తింటి గృహప్రవేశం. ఆ ఇంటి పైపులన్నీ ఆయన శిష్యురాలు పైడితల్లి గీసినవే, మేస్త్రి పెన్సిలు కూడా ముట్టుకోలేదు. ఇంటిమీద ట్యాంకు లేదు. వీధి పైపులో నీళ్ళు ఎంత జోరుగా వస్తాయో అంతే జోరుగా బాయిలరులో దూరి, కాగి, స్నానాల గదికి పోతాయి. కాగిన నీళ్ళు ఉబ్బుతాయి కదా, వెనక్కి వీధిలోకి పోకుండా వాల్వు అడ్డం ఉంటుంది. అందుకని బాయిలరు నెత్తిన జోరు మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఒకటి పెట్టి, దాని నుంచి సన్నటి గొట్టం గోడ అవతలికి తీసి, కాలువలోకి వంచింది పైడితల్లి. బాయిలరు కాగుతున్నంతసేపూ ఆ గొట్టం చివర చుక్కలు పడతాయి. పడాలి కూడా.

ఆ చుక్కలు పొద్దున్నే గౌరునాయుడి తల్లి సూరీడమ్మ కంట పడ్డాయి. "ఏటే పిల్లా! శుభమా అని ఇంట్లో అడుగు పెడుతుంటే నీ పైపు కారుతోందేటే? నీళ్ళతోపాటు లక్ష్మి కూడా పోదా?" అని కేకలేసింది. పైడితల్లి చెప్పబోయింది, వినేదెవరు? ఈలోగా చుట్టాల్లో ఒకావిడ "మేస్త్రి చేతులమీదుగా అయ్యుంటే ఇలా ఉండేదా? ఆడపిల్లకి అప్పజెప్పారు మరి" అని మూతి తిప్పింది. ఆ మాట పైడితల్లికి సూటిగా గుచ్చుకుంది. మొదటి పని, అందరి ముందూ నగుబాటు! ఈ ఒక్క పూటకే కదా అనుకుంది. పానా తీసి గొట్టానికి మూత బిగించేసింది. పోనీ బాయిలరైనా ఆపుతానంటే, చుట్టాల స్నానాలు ఇంకా అవలేదు, ఆపడానికి వీల్లేదన్నారు.

అలా మూస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే బిగించింది.

పంక్తిలో మేస్త్రి పక్కనే కూర్చుంది. ఎదుటి వరుసలో సూరీడమ్మ గోడకి చేరబడి, పులిహోర కలుపుకుంటూ ఎవరితోనో నవ్వుతోంది. ఆ గోడకు అవతలే బాయిలరు. కాగాక దానంతటదే ఆగిపోతుందిలే అని పైడితల్లి తనకు తాను చెప్పుకుంది. ఆగేలోపు ఉబ్బిన నీళ్ళు ఎటు పోతాయి? వంటింట్లో ఎవరో ఒకరు వేడినీళ్ళు తిప్పకపోతారా? తిప్పకపోతే? గోడలోంచి టిక్కుమని చప్పుడైంది. చప్పుడైందో, తనకే అలా అనిపించిందో! ఒక్క ముద్ద తిని, మిగతాది విస్తట్లో అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది.

"తినవేమమ్మా?" అన్నాడు మేస్త్రి.

పంక్తి మధ్యలోంచి లేవడమంటే పక్కవాళ్ళ విస్తళ్ళు కూడా చెడగొట్టినట్టే. అది చిన్నప్పటినుంచీ ఒంటబట్టిన భయం. నగుబాటు భయం, ఈ భయం రెండూ కలిసి ఆమెను కాసేపు అక్కడే అదిమిపట్టాయి. మళ్ళీ టిక్కుమంది. అంతే, పైడితల్లి ఎంగిలిచేత్తోనే లేచింది.

"అమ్మా, ఆ గోడ దగ్గర్నించి లేవండి! అందరూ లేవండి!"

పంక్తి యావత్తూ గగ్గోలెత్తింది. "కూటి దగ్గర ఇదేం పోయేకాలమే!" అని తిడుతూనే సూరీడమ్మ లేచింది. పైడితల్లి పరుగున వెళ్ళి స్విచ్చి ఆపింది. వంటింట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పింది. బుస్సుమని చిమ్మిన నీళ్ళు కాసేపటికి నెమ్మదించాక కట్టేసింది. అప్పుడు పెరట్లోకి వెళ్ళి పానాతో మూత విప్పింది.

తిట్టడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. "నేనే బిగించాను. తప్పని తెలిసీ, మీరేమంటారోనన్న భయంతో బిగించాను. అది పేలి ఉంటే ఆ గోడ మీమీద పడేదమ్మా" అంది పైడితల్లి. సూరీడమ్మ ఆ గోడ వంక తిరిగి చూసింది.

మేస్త్రి చెయ్యి కడుక్కుని తాపీగా వచ్చాడు. గొట్టం వంక చూశాడు. ఒక్క చుక్కా లేదు. "స్విచ్చి వెయ్యి" అన్నాడు. సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయిందేమో, ఇక తెరుచుకోదేమో అని పైడితల్లికి ఇంకో దిగులు పట్టుకుంది. లోపలికి వెళ్ళి స్విచ్చి వేసి, దానిమీది నుంచి చెయ్యి తియ్యకుండా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పెరట్లో అందరూ గొట్టం చివరకే కళ్ళప్పగించారు. చాలాసేపటికి అక్కడ తడి మెరిసింది. అది ఊగి, నిండి, చుక్కై రాలింది.

"అమ్మయ్య!" అంది సూరీడమ్మ అందరికంటే ముందు.

పైడితల్లి కిటికీ చువ్వ పట్టుకుని భోరున ఏడ్చేసింది. "శుభమా అని ఇంట్లో ఏడుపేటే, ఊరుకో, ఊరుకో" అంటూ ముసలావిడ కొంగుతో ఆమె కళ్ళు తుడవబోయింది.

"కారనివ్వండమ్మా" అన్నాడు మేస్త్రి.

సాయంత్రం ఇంటికి నడుస్తూ పైడితల్లి, "గుబులు సంగతి నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు" అంది.

మేస్త్రి చెవి గోక్కున్నాడు.

"ఎవరిమీదా పడకుండా గోడ అవతలికి తీసి, కిందికి వంచి... ఆ గొట్టం గీసినదానివి నువ్వే కదమ్మా?"