గొంతు లేని బోర్డు

సన్యాసిరావు మాష్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరికిన దాఖలా లేదు. ఆయన ప్రశ్న వింటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, "పద" అంటారు. ఎక్కడికని అడిగితే దానికీ జవాబుండదు. విశాఖపట్నంలో ఆసుపత్రులకు సాఫ్టువేరు రాసిచ్చే ఒక చిన్న కంపెనీలో ఆయన అందరికన్నా పాత ప్రోగ్రామరు. ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు. అయినా మేనేజరు మొదలుకొని అందరికీ మాష్టారే. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఊరూరా పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయన నోటివెంట ఒక్క సూత్రమైనా విన్నామని వాళ్ళలో ఒక్కరూ చెప్పరు.

అలాంటి మనిషిని, అదే కంపెనీలో కుర్ర ప్రోగ్రామరు మణిదీప్ అడగక అడగక ఒక ప్రశ్న అడిగాడు.

మణిదీప్‌ది నిలకడ లేని ప్రాణం. కొత్తగా రాసిన ప్రోగ్రామును ఆసుపత్రి కంప్యూటర్లలోకి ఎక్కించడాన్ని వాళ్ళు రిలీజు అంటారు. రిలీజు ఉన్న వారమంతా అతనికి అన్నం సయించదు, కూర్చున్నచోట కాలు ఆగదు, పక్కవాళ్ళ బల్ల కూడా ఊగుతూ ఉంటుంది. ఎక్కించాక అయినా కుదుటపడతాడా అంటే అదీ లేదు. అంతా సవ్యంగా ఉందని తెర మీద అన్నీ పచ్చగా కనిపిస్తున్నా మళ్ళీ చూస్తాడు, టీ తాగి వచ్చి మళ్ళీ చూస్తాడు, ఇంటికెళ్ళే దారిలో బండి ఆపి ఫోనులో మళ్ళీ చూస్తాడు.

ఈసారి పని కంటి ఆసుపత్రిది. రోగుల టోకెన్ నంబర్లు చూపించే కొత్త బోర్డు. పూర్తిగా అతని చేతిమీదుగా నడిచిన మొదటి రిలీజు అది. సరిగ్గా పూర్తయితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని మేనేజరు వసంతలక్ష్మి మాటిచ్చింది. ఆసుపత్రి వార్షికోత్సవం నాడు చైర్మనుగారు రిబ్బను కత్తిరించాలి. ఆహ్వానపత్రాలు కూడా పంచేశారు కాబట్టి గడువు జరిగే ప్రసక్తి లేదు.

అంతా కుదిరింది, గొంతు ఒక్కటి తప్ప. పాత ఏర్పాటులో నంబరు మారినప్పుడల్లా ఒక ఆడగొంతు పైకి చదివేది. కొత్తదానిలో రెండు గదుల డాక్టర్లు ఒకేసారి బటన్ నొక్కితే రెండు పిలుపులు ఒకదాని మీద ఒకటి పడి, పెళ్ళిపందిట్లో మైకులా గోలగోలగా వచ్చేది. మణిదీప్ దానితో కుస్తీ పట్టాడు, లొంగలేదు. గడువుకు ముందురోజు సాయంత్రం ఇక దిక్కుతోచక గొంతును ఆపేశాడు. గొంతును పరీక్షించే చిన్న ప్రోగ్రాము తప్పుందని ఎర్రగా చూపిస్తుంటే దాన్నీ పక్కన పెట్టేశాడు. అప్పుడు అన్నీ పచ్చబడ్డాయి. తర్వాతి రిలీజులో చూద్దాం అనుకున్నాడు. ఆ మాట అనుకోని ప్రోగ్రామరును ఈ కథ చెప్పేవాడు ఇంతవరకూ చూడలేదు. అయినా అంతంత అక్షరాలతో బోర్డు పెట్టాక, కళ్ళున్నవాళ్ళకి గొంతెందుకు అని సర్దిచెప్పుకున్నాడు కూడా.

పొద్దున చైర్మనుగారు రిబ్బను కత్తిరించారు. సన్నాయి వాయించారు, లడ్డూలు పంచారు. ఆ సందట్లో బోర్డు మాట్లాడటం లేదని ఎవరూ గమనించలేదు. ఇకనుంచి అంతా బోర్డు మీదే చూసుకోవాలి కాబోలనుకున్నారు ఆసుపత్రి సిబ్బంది. ఇక మిగిలింది, రిలీజు పూర్తయింది అని వసంతలక్ష్మికి ఒక్క ముక్క రాసి పంపడమే. హెడ్డాఫీసుకు సాయంత్రంలోగా చెప్పాలని ఆవిడ తొందరపెడుతోంది. మణిదీప్ ఆ ముక్క టైపు చేశాడు, చెరిపేశాడు, మళ్ళీ టైపు చేశాడు. వేలు ముందుకి పోదు. చివరికి లేచి మాష్టారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మాష్టారూ, పని పూర్తయిందని మనిషికి ఎప్పుడు తెలుస్తుంది?"

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది?" అన్నారు.

"చాలా రోజులైంది. ఏం మాష్టారూ?"

"పద."

స్కూటరు వెనక కూర్చున్నంతసేపూ మణిదీప్ ఫోను తీసి చూస్తూనే ఉన్నాడు. బండి కంటి ఆసుపత్రి ముందు ఆగేసరికి అతనికి కొంచెం ఉత్సాహం వచ్చింది. తన బోర్డును మాష్టారు స్వయంగా చూస్తారన్నమాట. కౌంటర్లో పేరు రాసుకుని మణిదీప్‌కి టోకెన్ చీటీ ఇచ్చారు. చీటీని చూడకుండానే చొక్కా జేబులో కుక్కాడు. గోడ మీద తన బోర్డు ఉండగా చీటీ చూసుకోవడమేమిటని అతని ధీమా. ఆ చీటీ మీద అరవై రెండు అని ఉంది. ఆ సంగతి మనకి తెలుసు, అతనికి తెలీదు.

వరండా కిక్కిరిసి ఉంది. ఎదురుగోడ మీద బోర్డు దీపాలంకరణ చేసినట్టు వెలిగిపోతోంది. దానికేసి తిరిగి బెంచీల మీద కూర్చున్న జనమంతా మాత్రం తలలు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నారు. మణిదీప్ మనసు చివుక్కుమంది.

"ఇంత కష్టపడి చేస్తే ఒక్కరూ దానివైపు చూడరేం మాష్టారూ?"

"ఏమో మరి," అని మాష్టారు బెంచీ చివర కూర్చుని పేపరు విప్పారు.

ఇంతలో నర్సు వచ్చి మణిదీప్ కళ్ళజోడు తీయించింది. రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసింది. భగ్గుమని మండింది. "కళ్ళు మూసుకునే ఉండండి, తెరవకండి. మీ నంబరు వచ్చినప్పుడు లోపలికి వెళ్ళాలి," అని చెప్పి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మణిదీప్ కూడా ఆ బెంచీ మీద తల వెనక్కి వాల్చిన మరో మనిషి అయ్యాడు. చీకట్లో కాలు మరింత ఊగింది. జేబులో ఫోను మోగి ఆగింది. వసంతలక్ష్మే అయి ఉంటుంది. తెరిచి చదువుదామంటే కళ్ళు తెరవకూడదు. హాయిగా ఆ ఒక్క ముక్కా పంపేసి రావాల్సింది, అనవసరంగా ప్రశ్న అడిగానని తనను తాను తిట్టుకున్నాడు.

"బాబూ," అంది పక్కనుంచి ఒక ముసలి గొంతు. "నా నెంబరు పిలిసేసేరేటి?"

"ఎంతమ్మా మీ నంబరు?"

"ముప్పై తొమ్మిదంట. కళ్ళు తెరవొద్దన్నారు గదా, సెవులొగ్గి కూకున్నాను. నా పేరు పైడమ్మ నాయినా. పాడేరు అవతల్నించొచ్చేను. నాకంటే ముందొచ్చినోల్లు కూడా ఇంకా ఇక్కడే ఉన్నారు."

"పిలుస్తారమ్మా, కంగారుపడకండి," అన్నాడు మణిదీప్, ఎవరైనా అనే మాటే. అన్నాక తను అన్నది తనకే వినపడింది. ఎవరు పిలుస్తారు? ఈ వరండాలో ఎవరూ పిలవరని తెలిసిన మనిషి తనొక్కడే.

కళ్ళు తెరిచాడు. ఎదురుగోడ మీద వెలుగు ముద్ద ఒకటి ఉంది. అందులో అంకె అన్నది లేదు. తను రంగు ఎంచుకుని, సైజు ఎంచుకుని, అంగుళం అంగుళం సర్దిన అంకెలు. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాడు. నీళ్ళు కారాయి తప్ప ఏమీ కనపడలేదు. ఇంతమందీ తన బోర్డును చూడటం లేదని కష్టపెట్టుకున్నాడు. వీళ్ళంతా తన బోర్డును వింటున్నారు.

అటుగా వచ్చిన నర్సును పైడమ్మ చెయ్యి చాచి ఆపింది.

"ముప్పై తొమ్మిదా? ఎప్పుడో దాటిపోయింది. బోర్డు చూసుకోవాలి కదమ్మా," అంది నర్సు, పొద్దుటినుంచి అందరితో అదే మాట అని విసిగిపోయిన గొంతుతో. "డాక్టరుగారు ఇంకాసేపట్లో ఆపరేషన్లకి వెళ్ళిపోతారు. ఇక రేపు రండి."

పైడమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మణిదీప్ వైపు వంగి, రహస్యం చెప్తున్నట్టు అంది: "మొన్నొచ్చినప్పుడు ఓ ఆడమనిషి సక్కగా పిలిసేది బాబూ. ఇయ్యాల ఆయమ్మ గొంతే ఇనబడ్నేదు. ఒంట్లో బాగునేదేటో, పాపం."

మణిదీప్‌కి ముఖం కాలిపోయింది. ఆ గొంతు నొక్కినవాణ్ణి నేనే అని చెప్పబోయాడు. అప్పుడే మళ్ళీ ఫోను మోగింది. తడుముకుంటూ తీశాడు.

"మణీ, ఎక్కడికి పోయావయ్యా? హెడ్డాఫీసు వాళ్ళు లైనులో ఉన్నారు. పూర్తయిందని చెప్పేస్తున్నాను, నీ పర్మనెంటు కాగితం కూడా ఇవాళే కదిలిపోతుంది. సరేనా?"

"మాష్టారూ," అన్నాడు మణిదీప్ బెంచీ చివరకేసి తిరిగి. పేపరు తిరగేసిన చప్పుడు వచ్చింది.

"పూర్తి కాలేదు మేడమ్," అన్నాడు ఫోనులో. "పాతదే మళ్ళీ పెట్టించండి."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? రిబ్బను కత్తిరించి ఒక పూట కాలేదు."

"బోర్డు ఇక్కడ ఎవరికీ కనపడదు మేడమ్. గొంతు నేనే ఆపేశాను."

"కనపడకపోవడమేమిటి, గోడంత బోర్డు?"

"మీరొకసారి వచ్చి చుక్కలు వేయించుకోండి మేడమ్."

ఆవిడ గట్టిగా నిట్టూర్చింది. పెట్టిస్తాను, టైము పడుతుంది, హెడ్డాఫీసుకు ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను గానీ నీ పర్మనెంటు సంగతి మాత్రం ఇప్పట్లో నన్నడగకు అంది. అలాగే మేడమ్ అన్నాడు. ఇంట్లో ఏం చెప్పాలా అన్న బెంగ వేసింది. అయినా లేచి, గోడ పట్టుకుని నడిచి, డాక్టరు గది తలుపు దగ్గరికి చేరాడు.

"సిస్టరుగారూ, నంబర్లు నా చెవిలో చెప్పండి, నేను పిలుస్తాను. ముందు ముప్పై తొమ్మిదిని పంపండి."

"మీరెవరండీ?"

"ఆ బోర్డు చేసినవాణ్ణి."

నర్సు అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు అతనికి కనపడకపోవడం ఒకందుకు మంచిదే అయింది. లోపలినుంచి డాక్టరుగారు, ఆపరేషన్లు కాసేపు ఆగుతాయి, ఎవరో ఒకరు పిలవనీయమ్మా అన్నారు.

మొదటి పిలుపు వణికింది. "టోకెన్ ముప్పై తొమ్మిది, రెండో గది." మూసిన కళ్ళ వరసలో ఒక కదలిక. పైడమ్మ నర్సు చెయ్యి పట్టుకుని వచ్చింది. అతన్ని దాటి వెళ్తూ, "మగగొంతు పెట్టినారా. ఇదీ బాగానే ఉన్నాది," అని లోపలికి వెళ్ళింది. తర్వాత దాటిపోయినవాళ్ళనందరినీ ఒక్కొక్కరినే వెనక్కి పిలిచాడు. గొంతు బొంగురుపోయింది, మంచినీళ్ళు తాగి మళ్ళీ పిలిచాడు. ఇద్దరు డాక్టర్లు ఒకేసారి నంబరు చెప్పినప్పుడు ఒకరిని ఆగమని, ఒకదాని తర్వాత ఒకటి పిలిచాడు. ఎప్పుడు ఆగిపోయిందో గానీ, అతని కాలు ఊగడం లేదు.

నర్సు చెవిలో చెప్పింది. అతను పిలిచాడు: "టోకెన్ అరవై రెండు, రెండో గది."

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. అలికిడి లేదు.

"లేరేమోనండి. తర్వాతది చెప్పేస్తాను," అంది నర్సు.

"వద్దు సిస్టరుగారూ. ఇక్కడే ఉంటారు, కళ్ళు మూసుకుని ఉంటారు. దాటిపోనివ్వకూడదు," అని మూడోసారి పిలిచాడు.

సన్యాసిరావు మాష్టారు పేపరు మడిచి పెట్టి, లేచి అతని పక్కకి వచ్చి నిలబడ్డారు. జేబులోంచి సగం బయటికి వచ్చిన చీటీని చూశారు గానీ ముట్టుకోలేదు.

"ఇంకొంచెం గట్టిగా పిలువు," అన్నారు. "ఆ మనిషికి ఇప్పుడిప్పుడే వినపడుతోంది."