శవాల బండికి మెరుగు పెట్టిన పెంచలమ్మ

ఎప్పటి మాటో చెబుతాను, వినండి. పెన్న ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో కార్ల షెడ్ల వీధి. ఆ వీధిలో పెంచలమ్మ అని ఒకామె ఉండేది.

రంగేసిన కారుకు మెరుగు తేవడం ఆమె పని. నీళ్లు పోసేది, వాటర్ పేపరనే గరుకు కాగితంతో రుద్దేది, అరచేత్తో తడిమేది. మళ్లీ పోసేది, రుద్దేది, తడిమేది. గరుకంతా పోయాక మెత్తటి గుడ్డకు పాలిష్ అద్ది, ముఖం కనబడేదాకా తోమేది.

అదే ఊళ్లో మస్తానయ్య శవాల బండి తోలేవాడు. ఎండకీ వానకీ బండి రంగంతా పొట్టు రేగిపోయింది. ఒకనాడు ఒక ఆడబిడ్డ, "ఇందులోనా మాయమ్మను పంపేది?" అని గొల్లున ఏడ్చింది. మస్తానయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు.

రంగు తానే తెచ్చి పూసుకున్నాడు. గరుగ్గా వచ్చింది. మెరుగు పెట్టించాలని మొదటి షెడ్డుకు పోతే, "ఇక్కడ ఆపొద్దు" అన్నారు. రెండో షెడ్డుకు పోతే తలుపేసుకున్నారు. మూడోది పెంచలమ్మ పనిచేసే షెడ్డు. దాని యజమాని శేషారెడ్డి.

"దాన్ని ముట్టుకుంటే నా షెడ్డుకు ఇంకో కారొస్తుందా?" అని కసిరాడు శేషారెడ్డి.

పెంచలమ్మ లేచొచ్చి బండిని తడిమింది. "పెళ్లికి పోయే కారుకు ఇంత చేస్తాం గదయ్యా. ఇందులో పోయేవాళ్లు మళ్లీ ఏ బండీ ఎక్కరు."

"అయితే నువ్వూ దాంతోనే పో. మళ్లీ నా గడప తొక్కొద్దు."

పెంచలమ్మ బకెట్టు తీసుకుని బయటికి నడిచింది.

కాలవ గట్టున బండి పెట్టించింది. నీళ్లు పోసింది, రుద్దింది, తడిమింది. దారిన పోయేవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆమె మళ్లీ పోసింది, రుద్దింది, తడిమింది. బండి నిగనిగలాడింది.

"అక్కా, నీ పని పోయిందే నావల్ల," అన్నాడు మస్తానయ్య.

"చేతులున్నాయి గదా, అబ్బయా," అందామె.

ఏ షెడ్డూ ఆమెను రానివ్వలేదు. హోటల్లో గిన్నెలు తోమి బతికింది.

కొన్నాళ్లకు శేషారెడ్డి తల్లి పోయింది. మస్తానయ్య బండి వాకిట్లో ఆగింది. శేషారెడ్డి అలవాటుగా దాన్ని తడిమాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. బండికి తల ఆనించి బావురుమన్నాడు.

కర్మకాండ అయ్యాక హోటలుకు వెళ్లాడు. "పెంచలమ్మా, షెడ్డుకు రా."

"వస్తానయ్యా. ఆ బండి కూడా వస్తుంది మరి."

"రానీ."

వచ్చింది. కార్లూ వస్తూనే ఉన్నాయి.

ఏళ్లు గడిచి, మంచాన పడి, పెంచలమ్మ పోయింది. ఆమె లేవలేని రోజుల్లో బండి మళ్లీ మాసింది. "ఇట్టాగేనా ఆమెను పంపేది?" అన్నాడు ముసలి మస్తానయ్య. ఆ రోజుకు షెడ్లన్నీ మూసేశారు. వీధి వీధంతా బకెట్లతో వచ్చింది. శేషారెడ్డి చొక్కా విప్పి గుడ్డ పట్టాడు. పొద్దు వాలినా ఎవరూ తొందరపెట్టలేదు. బండి మెరిశాకే ఆమెను ఎత్తారు.

ఇప్పుడా బండి లేదు, ఆ మనుషులూ లేరు. అయినా ఆ ఊళ్లో ఎవరు పోయినా, బండెక్కించే ముందు ఇంటివాళ్లు తడిగుడ్డతో దాన్ని తుడుస్తారు. దాన్ని పెంచలమ్మ తడి అంటారు. బండి కొత్తదైనా సరే, తుడుస్తారు.