నూకాలు తొట్టికి పట్టిన పాచి

సముద్రపు గాలి తగిలే జీడిమామిడి తోటలో నూకాలు అనే గేదె కాపురం ఉండేది. దాని పెరట్లో సిమెంటుతో కట్టిన ఈత తొట్టి ఉంది. లోపలికి దిగడానికి ఒకే ఒక ఏటవాలు దారి. మిగిలిన మూడు వైపులా నిలువు గోడలు. పగలంతా నూకాలూ, దాని దూడ పైడీ అందులో మునిగి ఉండేవి. పొద్దు వాలితే బాతు పోలమ్మ పిల్లల్ని వెంటేసుకుని నీళ్ళ నడిమధ్యకి చేరి, తేలుతూ నిద్రపోయేది. గట్టు మీద పడుకుంటే నక్కల భయం మరి.

ఆ ఎండాకాలం నీళ్ళు పచ్చబడ్డాయి. గోడ మీద గిట్ట ఆనిస్తే చాలు, జర్రున జారేంత పాచి.

"వదినా, ముక్కు ముంచితే గోంగూర పులుసులో ముంచినట్టుంది" అంది పోలమ్మ.

ఆ మాట ఎవరు మోశారో గాని, మర్నాడే నక్క సన్యాసయ్య భుజాన సంచీ వేసుకుని వచ్చాడు.

"నూకాలక్కా, నీళ్ళకి వైద్యం మా ఇంటి విద్య. కాస్త బ్లీచింగ్ పౌడరు, దాని మీద నిండుగా సున్నం. అద్దంలా తేలిపోతాయి."

"సున్నం ఎందుకయ్యా?"

"భలేదానివే! మీ అమ్మ బావిలో సున్నం వేసేది కాదూ?"

వేసేది. నూకాలుకి బాగా గుర్తు. పెద్దవాళ్ళు చేసిన పనేగదా అని తల ఊపింది. అమ్మ వేసింది చిటికెడో గంపెడో మాత్రం గుర్తు చేసుకోలేదు.

సన్యాసయ్య మిట్టమధ్యాహ్నం ఎండలో పౌడరు చల్లాడు. గంపలతో సున్నం పోశాడు. నీళ్ళు తేటపడలేదు సరిగదా, పచ్చదనానికి పాలవిరుగుడు తోడైంది. మళ్ళీ పోశాడు. పైడికి ఒళ్ళంతా దురద. బాతుపిల్లల కళ్ళు చింతనిప్పులు.

"మండుతోందంటే మందు పనిచేస్తోందన్నమాట" అన్నాడు సన్యాసయ్య. "పోలమ్మా, పిల్లల్ని కొన్నాళ్ళు గట్టు మీద పడుకోబెట్టు. కాపలాకి నేను లేనూ?"

"కళ్ళు మండినా నీళ్ళే నయం బాబూ" అని గొణిగింది పోలమ్మ. కానీ పిల్లలు ఏడుస్తుంటే ఎన్నాళ్ళని తట్టుకుంటుంది?

నూకాలు దూడ దురదకి పసుపు ముద్ద పట్టించింది. "ఆరేదాకా కదలకు" అని చెప్పి అటు తిరిగిందో లేదో, పైడి తొట్టిలోకి ఉరికింది. బయటికొచ్చేసరికి మెడ నుంచి తోక దాకా ఎర్రెర్రగా ఉంది!

"అయ్యో వదినా, రక్తం!" అని కేకేసింది పోలమ్మ.

నూకాలు పరుగున వచ్చింది. దూడ ఒళ్ళంతా వెతికింది. ఎక్కడా గాయం లేదు. ఆ ఎరుపు తను ఎరిగిందే. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టే పారాణి రంగు.

"రక్తం కాదు పోలమ్మా. పసుపుకి సున్నం తగిలితే ఇలాగే ఎర్రబడుతుంది. మన నీళ్ళలో సున్నం హద్దు మీరింది. అలాంటి నీళ్ళలో ఎంత పౌడరు పోసినా బలం ఉండదు. ఉన్న కాస్త బలాన్నీ ఎండ తాగేస్తుంది. పాచికేం, పండగే!"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. పాపం, తెలీక చేశాడేమో?"

"తెలీనివాడైతే నీళ్ళకేసి చూస్తాడు. వీడు వచ్చిన దగ్గర్నుంచీ నీ పిల్లలకేసి చూస్తున్నాడు."

పోలమ్మ రెక్కలు ముడుచుకుంది. "ఏం చేద్దాం వదినా?"

అడుగున తూము బిరడా లాగితే నీళ్ళన్నీ జీడిచెట్లు లేని బీడులోకి పోయాయి. పైడీ, బాతుపిల్లలూ పశువుల పాకలో దాక్కున్నాయి. పోలమ్మ ఒక్కతే ఖాళీ తొట్టి అడుగున కూర్చుంది. ఏటవాలు దారి పక్కన పొద చాటున నూకాలు పడుకుంది.

చీకటి పడుతుండగా సన్యాసయ్య వచ్చాడు. గోడ మీంచి తొంగి చూశాడు. తల్లి బాతు! నీళ్ళూ లేవు, గేదే లేదు. ఒక్క దూకు దూకాడు. పాచి మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయి, పొట్ట మీద జారుతూ వెళ్ళి ఎదుటి గోడకి కొట్టుకున్నాడు. పోలమ్మ టపటపా ఎగిరి, అప్పుడే దారికి అడ్డంగా నిలబడిన నూకాలు వీపెక్కింది.

"డాక్టరుగారు దయచేశారే!" అంది నూకాలు.

"అబ్బే... పాచి ఎంతుందో పరీక్ష చేద్దామని..."

గోడెక్కబోయాడు, జారాడు. మళ్ళీ ఎక్కబోయాడు, మళ్ళీ జారాడు. దారి వైపు చూస్తే కొమ్ములు.

"దారియ్యక్కా, నీ దూడ లాంటివాణ్ణి!"

"గోడలు తెల్లబడితే ఇస్తాను. నీ తోకంత మంచి చీపురు మా ఇంట్లో లేదు నాయనా. కానీయ్."

సన్యాసయ్య తోకతో తోమాడు. "ఆ మూల వదిలేశారు డాక్టరుగారూ!" అని పైనుంచి పోలమ్మ. "కింద ఇంకా జిడ్డుందండీ!" అని పాకలోంచి వచ్చి తొంగిచూస్తూ పైడి. చివరికి నూకాలు పక్కకి తప్పుకుంటే, పచ్చటి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఆ దారినే పడ్డాడు.

తరవాత తొట్టి కడిగి కొత్త నీళ్ళు పట్టారు. నూకాలు పసుపు రాసిన గుడ్డ ముంచి చూసింది. పసుపు పసుపుగానే ఉంది. పొద్దు వాలాక కాసింత పౌడరు వేసి కలియబెట్టింది. వాసన పోయేదాకా ఎవర్నీ దిగనివ్వలేదు. ఆ తరవాత బాతుపిల్లలు మళ్ళీ నీళ్ళ నడిమధ్య తలలు రెక్కల్లో దూర్చుకున్నాయి. అవతలి గట్టు మీద ఓ పచ్చతోక కాసేపు తచ్చాడి, ఉసూరుమంటూ వెళ్ళిపోయింది.

మందు వేసేముందు నీళ్ళకేం కావాలో చూడాలి, మందు చెప్పినవాడికేం కావాలో అంతకన్నా ముందు చూడాలి.