ఇల్లు అన్న మాట దగ్గర

జిలానీ లెక్క ఒక్క మనిషి దగ్గర తప్పింది.

యూనివర్సిటీలో అతను చేస్తున్న పరిశోధన అది. కంప్యూటర్ తెర మీద ఒక మాట పడుతుంది. నిజమైన తెలుగు మాటైతే చూసేవాళ్లు మీట నొక్కాలి. ఎవరు ఎంతసేపటికి నొక్కుతారో అతని లెక్క ముందే చెప్పేస్తుంది. రోజూ వాడే చిన్న మాటకు వెంటనే, ఎప్పుడో గానీ వినిపించని పెద్ద మాటకు కాస్త ఆగి. కాలేజీ పిల్లలందరూ బుద్ధిగా అలాగే నొక్కారు.

అలా నొక్కనిది బీబీజాన్. ఊరు రిజర్వాయరులో మునిగిపోయాక ఆమె దర్గాలోనే ఉంటూ వచ్చిపోయేవాళ్లకు వండిపెడుతోంది. మిగతా మాటలన్నిటికీ చకచకా నొక్కి, "ఇల్లు" దగ్గర ఆగిపోయింది. అంత తేలిక మాటకు అంతసేపా అని జిలానీ తల పట్టుకున్నాడు. అతని లెక్కలో మాట పొడవుకు చోటుంది గానీ మునిగిన ఊళ్లకు లేదు మరి.

ఆ దర్గాలోనే ఉండే గురువు ఖాజా సాహెబ్ దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నాడు. ఆమెకు ధ్యాస లేదట, ఆమె జవాబులన్నీ తీసేస్తే లెక్క చక్కగా కుదురుతుందట. ఆ సంగతి ఆమె మొహం మీదే చెప్పేసి వచ్చాడు కూడా. తన జవాబులు పుస్తకంలోకి ఎక్కుతాయని కనపడినవాళ్లందరికీ చెప్పుకున్న మనిషి, పాపం, అప్పట్నుంచీ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

సాహెబ్ చాప మీద కాస్త జరిగి చోటిచ్చారు.

"నేనొక మాట చెప్తా. నిజం మాటైతే చాప మీద తట్టు."

ముసలాయనకు ఆట మీద మనసు పోయిందనుకుని జిలానీ నవ్వుతూ కూర్చున్నాడు.

"ఉప్పు."

తట్టాడు.

"గిప్పరు."

తట్టలేదు.

"దారం."

తట్టాడు. చెయ్యి భలే చురుగ్గా ఉంది.

"తమ్ముడు."

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నాన్న పోయిన నాడు పదిమందిలో మాటా మాటా అనుకున్నాక అన్నదమ్ములకు మళ్లీ పలకరింపుల్లేవు. అది అందరికీ తెలుసు, అతని ముందు ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. జిలానీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాహెబ్ తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఆ చెయ్యి చప్పుడు లేకుండా చాప మీదికి దిగింది. ఆయన దాని మీద తన చెయ్యి వేశారు.

"నిన్ను కూడా తీసేద్దామా, బేటా?"