పిలవని ఊరు

అనగనగా, రాజులు సైతం అయ్యవార్లను చూసి లేచి నిలబడే కాలంలో, వేగవరం బడిలో ఇద్దరు పంతుళ్లుండేవారు. ఒకరు కూర్మయ్య, మరొకరు వల్లభయ్య.

కూర్మయ్య రోజూ పొద్దున్నే పిల్లలను పేరుపేరునా పిలిచేవాడు. పలకని పిల్లల ఇంటికి సాయంత్రం తానే వెళ్లేవాడు. ఇది విన్న రాజు ఆయనను ఏకంగా సీమకు అధికారిని చేశాడు.

వల్లభయ్యకు కడుపు మండిపోయింది. పద్యాలు నాకే ఎక్కువ వచ్చు, గొంతూ నాదే బాగుంటుంది, నన్నెందుకు పిలవలేదని అన్నం ముందు కూర్చుని కూడా కుమిలిపోయేవాడు. కూర్మయ్య పల్లకీ వీధిలోకి వస్తే తలుపు వేసుకునేవాడు. వేసుకుని సందులోంచి చూసేవాడు. చూడకుండా ఉండలేడు కదా, పాపం!

కూర్మయ్య సీమలోనూ బడి పద్ధతే పెట్టాడు. నెలకోసారి సభలో నలభై ఊళ్ల పేర్లూ పిలిచేవాడు. పిలవగానే ఆ ఊరి పెద్ద లేచి తమ కష్టం చెప్పుకునేవాడు.

పెద్దమనుషులను పసిపిల్లల్లా నిలబెడుతున్నాడని వల్లభయ్య రాజుకు చాడీ చెప్పాడు. రాజు అడిగితే, ఇన్నాళ్లకు మమ్మల్ని పిలిచేవాడు దొరికాడని ఆ పెద్దలు మురిసిపోయారు.

కచేరీ వదిలి ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడని మళ్లీ చెప్పాడు. రాజు వెళ్లి చూస్తే, కూర్మయ్య తెగిన గట్టు దగ్గర మోకాలి లోతు బురదలో ఉన్నాడు.

మూడోసారి వల్లభయ్య కూర్మయ్య దగ్గరికే వెళ్లి, పేర్లు పిలిచే పని తనకిమ్మన్నాడు. "నీ గొంతు నాకంటే బాగుంటుంది వల్లభయ్యా, నువ్వే పిలువు" అన్నాడాయన సంతోషంగా. ఆ మంచితనం చూసి వల్లభయ్యకు ఇంకా మండింది.

చూసి చదవడం వల్లభయ్యకు నామోషీ. పేర్లన్నీ బట్టీ పట్టాడు. గుట్టవతలి రాళ్లపాడును మాత్రం, కూర్మయ్యకు చెడ్డపేరు రావాలని, కావాలనే వదిలేశాడు. ఆ పల్లెలో ఉన్న ఒక్క బావీ ఎండిపోయింది. ఊరి పెద్ద ఎర్రన్న మూడు సభలు ఎదురుచూశాడు. వంతు రాలేదు. నాలుగో నెల ఊరంతా కదిలి రాజుకు మొరపెట్టుకుంది.

రాజు కోపంగా సభకు వచ్చాడు. "తప్పు నాదే ప్రభూ. పిలిచే పని ఇంకొకరికిచ్చి, పలకని ఊరేదో చూసుకోలేదు" అన్నాడు కూర్మయ్య. రాజు ఆయనను దిగిపొమ్మని, ఇన్నాళ్లూ ఆయన తప్పులెత్తి చూపిన వల్లభయ్యను పీఠం మీద కూర్చోబెట్టాడు. "ముందు నలభై పేర్లూ పిలువు, వింటాను" అన్నాడు.

వల్లభయ్య ఆనందం పట్టలేక కళ్లు మూసుకుని, ఖంగుమనే గొంతుతో గడగడా అప్పజెప్పాడు. మూడు నెలలుగా అలవాటు పడిన నాలుక ఆగలేదు. ముగించి, మెచ్చుకుంటారని చుట్టూ చూశాడు.

"మారాజా, ఇయ్యాల కూడా మా ఊరు పిలవనేదు" అన్నాడు ఎర్రన్న.

సభంతా వల్లభయ్య వైపు తిరిగింది. మరిచావా, మానేశావా అని రాజు అడిగేసరికి తనే పీఠం దిగిపోయాడు. రాజు కూర్మయ్యకే పీఠం తిరిగి ఇచ్చాడు. ఆయన దాని మీద కూర్చోలేదు. ఎర్రన్నను వెంటబెట్టుకుని రాళ్లపాడు బావి తవ్వించడానికి బయలుదేరాడు. ఆనాటి నుంచి ఆ నలభై ఊళ్లలో వల్లభయ్యను అయ్యవారని పిలిచినవాళ్లు లేరు.

అందుకే పిల్లలూ, అసూయతో ఒకరి పేరు చెడగొట్టబోయినవాడు చివరికి తన పేరే పోగొట్టుకుంటాడు.